మరియమ్మకు మొక్కు... దేవుడికే పూజ!

మెదక్ జిల్లా ఎల్దుర్తి. హల్దీ వాగు పరిసరాల్లోని చిన్న మండల కేంద్రం. అక్కణ్నుంచి వాయవ్యంగా సాగితే మెదక్ వస్తుంది. దక్షిణంగా దిగితే సికింద్రాబాద్. ఒక దారి ప్రొటెస్టెంట్ల ఘనమైన చర్చికి తీసుకెళ్తుంది. మరో దారి కథోలికుల పాత గుడికి చేరుస్తుంది. రెండుచోట్లా శిలువే. రెండుచోట్లా బైబిలే. క్రిస్మస్‌కు రెండుచోట్లా నక్షత్రాలు వెలుగుతాయి. కానీ రెండో గుడిలో అడుగుపెట్టగానే కొత్తవాళ్లకు ఓ తేడా కనిపిస్తుంది. అక్కడ మేరీమాత విగ్రహం ఉంటుంది. దాని ముందు కొవ్వొత్తులు, చేతుల్లో జపమాలలు, మోకరిల్లిన మనుషులు!

ఆ తేడా దగ్గరే ప్రశ్నలు మొదలవుతాయి. ఈ రెండు శాఖలవాళ్లూ ఇరుగుపొరుగున ఉంటారు. వియ్యమందుతారు. పెళ్లింట్లోనో, ప్రార్థన కూటంలోనో ఎవరో ఒకరు అడగనే అడుగుతారు... ‘ఏం వదినె, మీరు మేరమ్మకు మొక్కుతరంట గదా, దేవుడు చాలడా?’ అని. అడిగేవాళ్లు తేలిగ్గానే అడుగుతారు. జవాబు తెలియకపోతే మాత్రం కొత్త కోడలు తన జపమాలను పెట్టె అడుగున దాచుకోవాల్సి వస్తుంది. ఇంతకీ కథోలికులు ఏమంటారు? ఆ రెండు గుడులూ చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మెదక్ గాజులో మరియమ్మ

మెదక్ చర్చి 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రార్థనలకు తెరుచుకుంది. కట్టించింది వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్. కరవు రోజుల్లో ఊరికే గంజి పోయకుండా పని కల్పించి కూలీల కడుపు నింపాడని ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. గోపురం ఎత్తు 175 అడుగులు. ఒకేసారి అయిదువేల మంది పట్టేంత విశాలం. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఇది మెదక్ డయాసిస్‌కు ప్రధాన చర్చి అయ్యింది.

లోపల అందరూ తలెత్తి చూసేవి రంగుటద్దాల కిటికీలు. క్రీస్తు జననం, శిలువ మరణం, ఆరోహణం... మూడు ఘట్టాలూ ఎండ పడితే వెలిగిపోతాయి. జనన ఘట్టంలో పసిబాలుడి పక్కన తల్లి మరియ ఉంది. అది చూసి ఎవరూ గాజును పూజిస్తున్నారనరు. కథను కళ్లకు కట్టడానికే ఆ బొమ్మ. కథోలికులు తమ విగ్రహాల గురించి చెప్పే మొదటి మాట కూడా ఇదే. బొమ్మ గుర్తు మాత్రమే, మొక్కు దానికి కాదు అంటారు.

‘పది ఆజ్ఞల్లో విగ్రహాలు వద్దన్నాడుగా’ అన్నది అసలు అభ్యంతరం. నిజమే, నిర్గమకాండంలో ఆ మాట ఉంది. అదే గ్రంథంలో మందసం మీద బంగారు కెరూబుల ప్రతిమలు చేయమన్న ఆదేశమూ ఉంది. ఎడారిలో మోషే ఇత్తడి సర్పాన్ని ఎత్తి నిలిపాడు. తర్వాతి కాలంలో జనం దానికే ధూపం వేయసాగితే హిజ్కియా రాజు ముక్కలు చేయించాడు. అంటే బొమ్మ చేయడం తప్పు కాదు, దాన్ని దేవుణ్ని చేయడమే తప్పన్నమాట. క్రీ.శ. 787లో నిసియాలో జరిగిన మహాసభ ఈ గీతనే గీసింది. ప్రతిమలకు దక్కేది గౌరవం, ఆరాధన దేవుడొక్కడికే అని తేల్చింది.

సికింద్రాబాద్‌లో తల్లి గుడి

మెదక్ ప్రాంత కథోలికులు హైదరాబాద్ అగ్రపీఠం కిందికి వస్తారు. ఆ పీఠాధిపతి పూల ఆంథోని 2022లో కార్డినల్ అయ్యారు. తెలుగువారిలోనే కాదు, దళితుల్లోనూ ఆ హోదా అందుకున్న తొలి వ్యక్తి ఆయనే. అగ్రపీఠంలోని పాత గుడుల్లో ఒకటి సికింద్రాబాద్ సరోజినీదేవి రోడ్డులోని సెయింట్ మేరీస్. 1850 నాటి ఈ గోథిక్ కట్టడానికి ఆద్యుడు ఐరిష్ గురువు డేనియల్ మర్ఫీ. 2008లో పోపు దీనికి బసిలికా హోదా ఇచ్చారు.

ఇక్కడికొచ్చేవాళ్లంతా మరియమ్మతో మనసు విప్పుకుంటారు. దాంతో రెండో అభ్యంతరం... ‘దేవుడికీ మనిషికీ మధ్యవర్తి యేసు ఒక్కడేనని పౌలు రాశాడుగా?’ అని. రక్షకుడు ఆయనొక్కడేనని కథోలికులూ ఒప్పుకుంటారు. ‘మరి జ్వరమొస్తే పాస్టరుగారిని మా కోసం ప్రార్థన చేయమని మీరూ అడుగుతారుగా?’ అని ఎదురు ప్రశ్న వేస్తారు. అడిగింది ప్రార్థనే, రక్షణ కాదు. పాస్టరు బతికున్నాడు, మరియ చనిపోయింది కదా అంటే... అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల దేవుడు సజీవుల దేవుడని యేసే చెప్పాడని గుర్తుచేస్తారు. కానా పెళ్లిలో ద్రాక్షరసం అయిపోయిందని కొడుకు చెవిన వేసింది తల్లే. అద్భుతం చేసింది మాత్రం కొడుకు. తమ మొక్కులన్నీ ఆ పెళ్లి ఇంటి లెక్కలోనివేనంటారు.

మెదక్ చర్చి తెరుచుకున్న 1924లోనే విజయవాడ గుణదలలో ఇటలీ గురువు ఆర్లాటి కొండమీద మేరీమాత స్వరూపాన్ని నిలిపారు. ఇప్పుడు ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు అక్కడ తిరునాళ్లు. లక్షల్లో వస్తారు. కొందరు తలనీలాలిస్తారు, కొందరు కొబ్బరికాయలు కొడతారు. వాళ్లలో హిందువులూ ఎక్కువే. ఇంత జనంలో గౌరవానికీ ఆరాధనకూ మధ్య గీత అందరికీ తెలుస్తుందా? గురువులు అక్కడి ప్రసంగాల్లో పదేపదే చెప్పాల్సింది ఈ విషయమే.

పూసలు, పాపాలు, అప్పం

‘ఒకే జపం యాభైసార్లు ఎందుకు?’ అన్నది మరో ప్రశ్న. యేసు వద్దన్నది మనసు లేని వల్లింపును. గెత్సేమనే తోటలో ఆయనే అవే మాటలతో మూడోసారి ప్రార్థించాడని మత్తయి రాశాడు. 136వ కీర్తనలో 26 చరణాలుంటే ప్రతి చరణం చివరా ఒకటే పల్లవి. పూసలు తిరిగేది వేళ్ల మధ్య, మనసు తిరగాల్సింది క్రీస్తు జీవిత ఘట్టాల చుట్టూ అంటారు.

‘పాపాలు దేవుడితో చెప్పుకోవాలి గానీ ఫాదర్‌తో ఏంటి?’ పాపసంకీర్తనం మీద వచ్చే అభ్యంతరమిది. పునరుత్థానం తర్వాత పాపాలను క్షమించే అధికారాన్ని క్రీస్తు శిష్యులకిచ్చాడని యోహాను సువార్త ఇరవయ్యో అధ్యాయాన్ని చూపిస్తారు. ఫాదర్ విన్నది ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. పెడితే శ్రీసభ నుంచి వెలి!

ఇక దివ్యసత్ప్రసాదం. ‘అప్పం ముక్క క్రీస్తు శరీరం ఎలా అవుతుంది?’ అంటే యోహాను ఆరో అధ్యాయం తీస్తారు. ఆ మాట కఠినంగా ఉందని చాలామంది శిష్యులు వెళ్లిపోయారు. ‘ఉపమానంగా అన్నాను, ఆగండి’ అని ఆయన వాళ్లను వెనక్కి పిలవలేదు. కథోలికుల నమ్మకానికి ఆధారం ఆ మౌనమే. ప్రొటెస్టెంట్లు ఇక్కడ ఒప్పుకోరు. ఈ తేడా ఈనాటికీ తీరలేదు.

గొడవ తీరిన చోటు

అన్నిటికంటే పాత తగవు ఒకటుంది. మనిషి తరించేది విశ్వాసంతోనా, సత్క్రియలతోనా అని. దానిమీదే అయిదు శతాబ్దాల క్రితం ఐరోపా చీలింది. 1999లో కథోలికులు, లూథరన్లు కూర్చుని రక్షణ దేవుడి కృపే, మంచిపనులు దాని ఫలాలు అని ఉమ్మడి ప్రకటన చేశారు. 2006లో ప్రపంచ మెథడిస్టు మండలి కూడా దానికి ఒప్పుకుంది. మెదక్ చర్చిని నిలిపిన సంప్రదాయం అదేనన్నది గమనించాలి. తండ్రి, కుమార, పవిత్రాత్మ పేరిట నీటితో ఇచ్చిన బాప్తిస్మాన్ని కథోలికులు ఏ శాఖ ఇచ్చినా గౌరవిస్తారు. మళ్లీ ఇవ్వరు. ఇటునుంచి అటు వెళ్లిన కోడలు పరాయిది కాదని చెప్పడానికి ఈ ఒక్క నియమం చాలు. సంతకాలు ఎక్కడో దూరదేశాల్లో జరిగాయి. వాటిని అమలు చేయాల్సింది మాత్రం మెదక్ పల్లెల్లోని బంధువులే.

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి మెదక్ దాదాపు వంద కిలోమీటర్లు. సికింద్రాబాద్ జేబీఎస్ నుంచి బస్సులున్నాయి. 2022 నుంచి మెదక్‌కు రైలు మార్గమూ ఉంది. సెయింట్ మేరీస్ బసిలికా సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు దగ్గరే. గుడిలోకి ఎవరైనా వెళ్లొచ్చు. బలిపూజ జరుగుతుంటే వెనక బల్లల మీద మౌనంగా కూర్చుంటే చాలు. సత్ప్రసాదం మాత్రం కథోలికులకే ఇస్తారు.