ఎవరి మీది కోపం?

"మీకు కోపం వచ్చిందా డాక్టరు గారూ?" నేను గడియారం వైపు చూసినా ఆ అమ్మాయి అదే ప్రశ్న వేసేది. నిద్ర పట్టడం లేదని, ఆఫీసులో పైవాళ్లు పిలిస్తే గుండెదడని వచ్చింది (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను). మాత్రలతో నిద్ర పట్టింది, ప్రశ్న మాత్రం పోలేదు. "లేదమ్మా" అంటే ఆ పూటకు ఊరట. ఒకరోజు "వస్తే ఏమవుతుంది?" అని అడిగాను. చాలాసేపటికి నోరు విప్పింది. వాళ్ల నాన్నకు కోపమొస్తే అరిచేవాడు కాదట, మాటలు మానేసేవాడట. అదీ రోజుల తరబడి. తానేం తప్పు చేసిందో తెలియక ఆ పిల్ల ఆయన మొహంలో వెతుక్కునేది.

పాత మనిషి మీది భావం ఇలా వైద్యుడి మీదికి మళ్లడాన్నే సైకోఅనాలిసిస్‌కు ఆద్యుడైన ఫ్రాయిడ్ ట్రాన్స్‌ఫరెన్స్ అన్నాడు. 1900లో ఆయన దగ్గరికి వచ్చిన పద్దెనిమిదేళ్ల అమ్మాయి మూడు నెలలైనా నిండకుండానే వైద్యం మానేసింది. డోరా అన్న మారుపేరుతో ఆ కేసును 1905లో ప్రచురిస్తూ, తన మీదికి మళ్లిన భావాన్ని వేళకు పట్టుకోలేకపోయానని ఒప్పుకున్నాడు. నాకైతే ఆ కేసు చదివినప్పుడల్లా డోరా వైపే మనసు పోతుంది. కుటుంబ స్నేహితుడు వెంటపడ్డాడని ఆమె చెబుతుంటే, నీకూ అతనంటే ఇష్టమేనని ఒప్పించాలని చూశాడాయన!

ఫ్రాయిడ్ గదిలోలా రోగి పడుకుని మాట్లాడే సోఫా నా గదిలో లేదు. చేతులు పదేపదే కడుక్కునేవారి బాల్యాన్ని తవ్వుతూ కూర్చోను. మందులూ, సీబీటీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స) పద్ధతిలో అభ్యాసాలూ మొదలుపెడతాను. ఆ చికిత్సకు పునాది వేసిన ఆరన్ బెక్ కూడా మొదట సైకోఅనలిస్టుగా శిక్షణ పొందినవాడేనని చాలామందికి తెలియదు.

అలాగని ట్రాన్స్‌ఫరెన్స్ నా గదిని వదిలిపోదు. రిటైరైన మేష్టారొకాయన దిగులుతో వచ్చేవారు. రాసిన ప్రతి మందుకూ వాదనే. ఆయన ముందు నేనూ హోంవర్కు చేయని కుర్రాడిలా సంజాయిషీలు ఇచ్చుకునేవాణ్ణి. వైద్యుడి మనసులో కదిలే ఇలాంటిదాన్ని కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు. నేను సెలవు మీద ఊరెళ్లి వచ్చేసరికి మేష్టారు మాత్రలు మానేశారు. "మీ అబ్బాయి మీది కోపం నా మీద చూపిస్తున్నారు" అనడం తేలికే. అంటే లేచిపోయేవారు. "నేను లేనన్నాళ్లూ ఎలా గడిచింది మేష్టారూ?" అన్నాను. అమెరికా నుంచి కొడుకు ఫోను చేయడం ఎలా తగ్గిందో చెప్పుకొచ్చారు. నేను మధ్యలో అడ్డుపడలేదు.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు. డోసు దగ్గర మాత్రం ఇంకా పేచీయే.