ప్లాట్ నది

రాకీ పర్వతములపై శీతకాలమంతయు పేరుకొన్న మంచు వసంతమున కరగి, కొలరాడో రాష్ట్రమందలి కొండలనడిమి మైదానములనుండి రెండు ఏరులుగా బయలుదేరి, ఒకటి వయోమింగును చుట్టివచ్చి, రెండవది డెన్వరు నగరము మీదుగా సాగి, తుదకు నెబ్రాస్కా రాష్ట్రమున నార్త్ ప్లాట్ పట్టణము చెంత ఏకమగును. ఆ సంగమముననే ప్లాట్ నది మొదలగుచున్నది. అచ్చటినుండి ప్రేయరీ యను గడ్డిమైదానము గుండ సుమారు 500 కిలోమీటర్లు తూర్పునకు ప్రవహించి మిస్సౌరీ నదిలో కలియును.

1739లో శాంటాఫేకు త్రోవ వెదకుచు వచ్చిన ఫ్రెంచి వర్తకసోదరులు పియేర్, పాల్ మాలేలు దీనికి చదునైనదను అర్థమున ‘ప్లాట్’ అని పేరిడిరి. ఆ తీరమున అంతకు ముందునుండియు వసించుచుండిన ఓటో జాతివారు దీనిని ‘నీ బ్రాస్గే’ అని, అనగా చదును నీరని, వ్యవహరించుచుండిరి. రెండు పేర్లకును ఒకే అర్థముండుట ఈ నది స్వరూపమునకే సాక్ష్యము. ఫ్రెంచివారి పేరు నదికి నిలిచినది. ఓటోల పేరు 1854లో ఏర్పడిన నెబ్రాస్కా ప్రాంతమునకు, 1867లో రాష్ట్రమునకు సంక్రమించినది. అయినను పేరు నిలిపిన ఆ దేశమున పేరు పెట్టినవారికి చోటు మిగులలేదు: 1881 నాటికి ఓటోలను దక్షిణమున నేటి ఓక్లహోమాకు తరలించివేసిరి. ఈ నదీచరిత్రమున నన్ను మిక్కిలి కలతపెట్టు ఘట్టమిది.

చదునన్నంతమాత్రమున వాలు లేదని భావింపరాదు. సంగమస్థలము సముద్రమట్టమునకు 850 మీటర్ల ఎత్తున నుండగా, మిస్సౌరీలో కలియుచోటు 300 మీటర్లకు లోపుననే యున్నది. పర్వతములనుండి కొనివచ్చిన ఇసుకభారము మితిమీరుటచే నది లోతుగా కోసికొనలేక, విప్పిన జడవలె పాయలుగా చీలి, లంకలనడుమ వెడల్పుగా పఱచుకొనును. పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఎద్దుబండ్లపై పడమటికి తరలిన లక్షలాది జనులు ఈ తీరమునే త్రోవగా గొనిరి. బాల్చీలలో నీరు తేరువఱకు వేచి త్రాగుచు, చెట్లులేని ఆ మైదానమున బైసనుల ఎండుపేడయే వంటచెఱకుగా దినములు గడపిరి.

ఏటేట వసంతమున వచ్చు వఱద లంకలపై మొలచిన మొక్కలను ఊడ్చివేయుటచేతనే నది అట్లు తెఱపిగా నుండెడిది. సాగునీటి కాలువలును, 1941లో పూర్తియైన కింగ్‌స్లీ వంటి ఆనకట్టలును ఆ వఱదను పట్టి నిలుపగా, కాటన్‌వుడ్, విల్లో చెట్లు ఇసుకదిబ్బలపై వేరూని, అనేక తావుల పాయలు ఇఱుకైపోయినవి. ఫిబ్రవరి తుదినుండి ఏప్రిలు వఱకు లక్షలుగా వచ్చి దిగు శాండ్‌హిల్ బెగ్గురు పక్షులకు ఇది ప్రాణసంకటము. పగలు మొక్కజొన్న కోఁతలు ముగిసిన చేలలో రాలిన గింజలేరుకొని, రాత్రి నక్కజాతి మృగములకు దొరకకుండ చీలమండ లోతు నీట నిలిచి నిద్రించు ఆ పక్షులకు నలుదెసల తెఱపి యుండవలెను. అందుచే కియర్నీ ప్రాంతమున పక్షిసంరక్షకులు ట్రాక్టర్లతో లంకలపై పొదలను పెల్లగించి, వఱద చేయు పనిని తాము చేయుచున్నారు. 2007లో కేంద్రప్రభుత్వముతో కూడి కొలరాడో, వయోమింగు, నెబ్రాస్కాలు ఆరంభించిన పునరుద్ధరణ ప్రణాళిక నదికిని కొంత నీరు కేటాయించినది. మూడు రాష్ట్రముల రైతులు, నగరములు నీటికై పోటీపడుచుండగా కుదిరిన ఈ ఒడంబడికను నేను సామాన్యమైన పనిగా తలంపను.