కరీబియన్ అనే పేరు వెనక మనలాంటోళ్లే ఉన్నారు



కరీబియన్ దీవులంటే బీచ్, ఫుడ్, షాపింగ్ వీడియోలే మన ఫోన్లకు వస్తాయి. కానీ ఆ పేరు వచ్చింది అక్కడి ఆదివాసుల నుంచే. బయటోళ్లు వాళ్లని 'కరిబ్' అన్నారు. వాళ్లు తమను కాలినాగో అనుకుంటారు.

డొమినికా దీవి తూర్పు తీరంలో వాళ్లకి 3,700 ఎకరాలు ఉంది. 1903లో బ్రిటిష్ పాలనలో కేటాయించారు. ఆ భూమి అందరిదీ, ఏ ఒక్కరూ అమ్ముకోడానికి లేదు. టూరిస్టులే అక్కడికెళ్లి కర్రపెండలం రొట్టె తింటారు, చేత్తో అల్లిన బుట్టలు కొంటారు. 2015లో ఆ ప్రాంతం పేరులోంచి 'కరిబ్' తీసేసి కాలినాగో అని పెట్టించుకున్నారు. 2023లో వాళ్ల ఆడబిడ్డ సిల్వనీ బర్టన్ దేశాధ్యక్షురాలైంది.

ఇది చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. తను అల్లిన వెదురు బుట్టకి రోడ్డు మీద కారు దిగినోళ్లు సగం ధరకి బేరమాడతారు. మన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా మనకీ 1/70 చట్టం ఉంది. మరి మన ఏజెన్సీకి ఇంతమంది టూరిస్టులొస్తుంటే గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఎవరు?

మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదలు. ఊళ్లో సొంతంగా హోమ్‌స్టే, బుట్టల షాపు పెట్టాలనుకునేవాళ్లుంటే రాయండి, కలిసి ఆలోచిద్దాం.