నొప్పిని నమ్మించాల్సి వచ్చింది

పుంగనూరు పక్కన మా మాదిగపల్లెలో నడుం నొప్పిని ఎవురూ జబ్బనుకోరు. మాయమ్మ చెనిక్కాయ పెరికింది, మదనపల్లె మండీలో టమోటా గంపలు మోసింది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషనయిన మూడేండ్లకు రాత్రుల్లో మూలగడం మొదలైంది. ఒక డాక్టరు ముట్టుకోకనే మాత్రలు రాసిచ్చినాడు. 'కూలి చేసే ఒంటికి నొప్పులుండవా?' అన్నాడు.

నేను కుప్పంలో అయ్యవార్ని. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. ఆ ధైర్యంతోనే స్కానింగు రాయమని పట్టుబట్టినాను. క్యాన్సర్ తుంటి ఎముకకు పాకిందని తేలింది.

కుప్పంలో రైలెక్కి బెంగుళూరు కిద్వాయి ఆస్పత్రికి పోయినాం. జబ్బు నయం కాదు, నొప్పి తగ్గించొచ్చు అన్నారు. ఆ రెండూ వేరని అంతవరకూ మాకెవురూ చెప్పలేదు. మార్ఫిన్ మాత్రలిచ్చి, కరెంటు పెట్టినారు. ఆ కిరణాలు ఎముకలోని క్యాన్సర్ కణాలను చంపుతాయి. ఎముక విరగకుండా, వెన్నుపాము నలగకుండా ఉంటే 8 గ్రే ఒక్కసారి పెట్టినా, 30 గ్రే పది రోజులు పెట్టినా నొప్పి తగ్గేది దాదాపు సమానమే. ఒక్కసారి పెట్టినోళ్ళలో కొందరికి మళ్ళీ పెట్టాల్సి రావచ్చు. అయినా పది రోజుల కూలి పోగొట్టుకోలేని ఇండ్లకు అది చిన్న సంగతి కాదు.

అందరికీ తగ్గదు. మాయమ్మకు మూడో వారానికి తగ్గింది. 'నిద్ర పట్టింది నాయినా' అనింది. ఇంకో నాలుగు నెలలు బతికింది.

పోయే మనిషికి ఇంత ఖర్చెందుకన్నోళ్ళుండారు. పోయే మనిషికి నిద్ర వద్దా? మా ఒళ్ళు నొప్పి కోసమే పుట్టిందంటే నేనొప్పుకోను. భూమినీ కూలినీ అడిగినట్టే నొప్పి లేని రాత్రినీ అడగాల.