దిల్‌సుఖ్‌నగర్‌లో ఓక్ చెట్టు దొరుకుతుందా?

అక్టోబర్ దాటితే చాలు, అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇన్‌స్టా అంతా ఎర్రరంగే. ఓక్, మేపుల్ చెట్ల కింద ఒకటే సెల్ఫీలు! రాలే ముందు ఆకులకు వచ్చే ఆ రంగు కోసమే అక్కడ చాలామంది ఇంటి ముందు ఓక్ పెంచుతారు. 2004లో దాన్ని జాతీయ వృక్షం కూడా చేసుకున్నారు.

మరి దిల్‌సుఖ్‌నగర్‌లో? ఫర్నిచర్ షాపులో లామినేట్ రంగు పేరు ఓక్. నర్సరీలో అమ్మే సిల్వర్ ఓక్ అసలు ఓకే కాదు, ఆస్ట్రేలియా చెట్టు. అరకు కాఫీ తోటల్లో నీడకు వేసేది అదే.

ఆకు రాల్చే అందం మాత్రం మనకూ ఉంది, నెలే వేరు. ఓక్ చలికి రాలుస్తుంది, మన చెట్లు ఎండకు. ఆకులు వదిలేస్తే ఒంట్లో నీరు ఆవిరైపోదు కదా!

చూడాలంటే ఫిబ్రవరి చివర్లో పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కండి. చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తర్వాత ఎల్బీ నగర్. లైన్ అక్కడితో అయిపోతుంది. దిగి విజయవాడ హైవే మీద ఆటో పట్టుకోండి. దారిలో చింతలకుంట వస్తుంది (పేరులో ఉన్న చింతలు ఇప్పుడు వెతుక్కోవాలి). ఆటోనగర్ దగ్గర మహావీర్ హరిణ వనస్థలి. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి. 1975లో అభయారణ్యం, 1994లో జాతీయ పార్కు అయింది. దాదాపు 14.5 చదరపు కిలోమీటర్లు.

ఆ నెలలో అడవి ఎండిపోయినట్టే ఉంటుంది. కృష్ణజింకలు దూరం నుంచే కనిపిస్తాయి. ఒక్క ఆకు లేని మోదుగ కొమ్మ నిండా నిప్పురంగు పూలు. హోలీ రంగు తీసేది వాటితోనే. నన్నడిగితే, ఓక్ ఎరుపు దీని ముందు కాస్త తక్కువే.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన ఒక రేల చెట్టుంది. ఏప్రిల్, మే నెలల్లో పసుపు గుత్తులు వేలాడేస్తుంది. కేరళ రాష్ట్ర పుష్పం ఇదే. దానికి ముందు ఆకులు రాలుస్తుందని మా వాట్సాప్ గ్రూపులో గొడవ. కొట్టేసి, ఎప్పుడూ పచ్చగా ఉండే కోనోకార్పస్ పెడదామంటున్నారు. హరితహారంలో విరివిగా నాటి, తర్వాత ప్రభుత్వమే వద్దన్న చెట్టు అది!

ఆదివారం మీటింగ్. రేల పూత ఫొటోలు గ్రూపులో పెట్టాను, ఇద్దరు థంబ్స్ అప్ కొట్టారు. కిందికి వెళ్తే, చీపురు పట్టుకుని వాచ్‌మన్ భార్య అంది: "ఊడ్సేది నేను గద సార్. ఆళ్లకేం కష్టమొచ్చింది?"

ఈ మాట మీటింగ్‌లో చెప్పమని అడిగాను. నవ్వి, ఊడుస్తూ వెళ్లిపోయింది.