సీసం సరదా - చంటిపిల్లాడి రక్తపరీక్ష

రాజమండ్రి నుంచి ఒక తల్లిగారు ఉత్తరం రాశారు. వారబ్బాయి అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఏడాది నిండని కూతురుంది. "మావాడు ఆదివారాలు ఇంట్లోనే సీసం కరిగించి తుపాకీ గుళ్ళు పోసుకుంటున్నాడట డాక్టరుగారూ. ఇదేం సరదా? ప్రమాదమేమీ లేదని వాడంటాడు. నాకు మాత్రం గుండె దడగా ఉంది. మీరేమంటారు?" అని అడిగారు.

మామూలుగా అయితే ఇలాంటి ఉత్తరానికి నాలుగు ముక్కల్లో జవాబు రాసి ఊరుకునేవాణ్ణి. కాని ఇదే ప్రశ్న నన్ను ఇదివరకొకసారి మా ఇంటిపిల్లే అడిగింది. అప్పుడు నేనిచ్చిన జవాబు వల్ల మంచి జరగలేదు. అందుకని ఈ వారం కాస్త వివరంగా రాస్తున్నాను.

2022 లో నేనూ, మా ఆవిడా టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడి దగ్గరికి వెళ్ళి రెండు నెలలున్నాం. అక్కడ తుపాకీ ఉన్న ప్రతివాడూ దొంగో పోలీసో అనుకోకండి. మైదానానికి వెళ్ళి గురి చూసి కొట్టి రావడం అక్కడ చాలామందికి మనవాళ్ళ పేకాటలాంటి కాలక్షేపం. 2020 లో కోవిడ్ రోజుల్లో దుకాణాల్లో తూటాలు దొరకడం కష్టమైంది. దొరికినా ధర మండిపోయింది. ఆఫీసులో ఎవరో సలహా చెబితే మావాడు సొంతంగా గుళ్ళు పోసుకోవడం మొదలుపెట్టాడు. గుండు అంటే తూటా కొసన ఉండే సీసపు ముక్క. సొంత వాడకానికి చేసుకుంటే అక్కడి కేంద్ర చట్టం లైసెన్సు అడగదు. మన దేశంలో అలా కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. ఈ వ్యాసం చదివి ఇక్కడెవరూ ఉత్సాహపడకూడదని ముందే చెబుతున్నాను.

ఆ పని చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, దాచడమెందుకు. కరెంటుతో కాగే చిన్న ఇనుప కుండ, దాని అడుగున ఒక కుళాయి. కారు చక్రాలు ఊగకుండా అంచున బిగించే పాత సీసపు బిళ్ళలు కొని తెచ్చి అందులో వేస్తాడు. సీసం 327 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర కరుగుతుంది. 370 దాకా కాచి, చిన్న కొవ్వొత్తి ముక్క వేసి గరిటెతో కలియబెడతాడు. గుప్పున పొగ లేచి, బూడిదరంగు మడ్డి పైకి తేలుతుంది. దాన్ని తీసి ఒక డబ్బాలో వేస్తాడు. ఈ మడ్డిని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం. తరవాత పటకారులాంటి పిడులున్న అచ్చులోకి సీసం వదులుతాడు. పైరేకును కర్రతో తట్టి, అచ్చు విప్పితే వెండిలా మెరుస్తూ గుండు తువ్వాలు మీద పడుతుంది. అచ్చు చల్లగా ఉంటే గుండు ముడతలు పడుతుంది. మరీ వేడెక్కితే మంచు పట్టినట్టు మసకబారుతుంది. మొదట్లో పోసినవాటిలో సగం మళ్ళీ కుండలోకే పోయేవట. మిగిలిన సీసాన్ని కేకులు చేసుకునే గుంటల పళ్ళెంలో, మన గుంటపొంగణాల పెనం అనుకోండి, పోసి బిళ్ళలుగా దాచుకునేవాడు.

నేనూ ఒక ఆదివారం స్టూలు వేసుకుని కూర్చుని, ముప్ఫై గుళ్ళు దాకా పోశాను. చిన్నప్పుడు గోదావరి గట్టున ఒకాయన విసురువల అంచుకు కట్టే సీసం గుళ్ళు పోస్తుంటే బడి ఎగ్గొట్టి చూసేవాణ్ణి. ఆ సరదా ఇంకా పోలేదన్నమాట.

అప్పుడడిగింది మా మేనల్లుడి భార్య. పిల్లాడికి తొమ్మిదో నెల, చంకలో ఉన్నాడు. "బాబాయిగారూ, ఆ పొగ వీడికి మంచిది కాదేమో? ఈయనకి చెబితే నవ్వుతారు. మీరు చూసి చెప్పండి."

నేను చూశాను. గారేజీ పెద్ద తలుపు తెరిచి ఉంది, ఫాను తిరుగుతోంది. "సీసం మరగాలంటే 1749 డిగ్రీలు కావాలమ్మా. ఈ కుండ వేడికి లేచే సీసపు ఆవిరి లెక్కలోకి రాదు. ఆ కనిపించేది మైనం పొగ. నువ్వేమీ బెంగపెట్టుకోకు" అన్నాను. డాక్టరునైనందుకు కాస్త దర్జాగానే అన్నాననుకుంటాను.

అందులో అబద్ధమేమీ లేదు. ఆ వేడిలో ఆవిరి నిజంగానే బహు స్వల్పం. కాని ఆమె అడిగింది పిల్లాడి గురించి, నేను చెప్పింది పొగ గురించి. నాలుగడుగులు వేసి ఇంట్లోకి నడిచి చూసి ఉంటే జవాబు వేరుగా ఉండేది.

ఏం కనబడేదంటారా? గారేజీలోంచి ఇంట్లోకి వెళ్ళే తలుపు దగ్గరే బట్టలుతికే మిషను. మావాడు పని ముగించి, మడ్డి రాలిన నేలను చీపురుతో ఊడ్చి, అదే చొక్కాతో, అవే చెప్పులతో లోపలికొచ్చేవాడు. పిల్లాడు దోగాడుతూ ఎదురెళ్ళి కాళ్ళు చుట్టేసుకునేవాడు. ఆ చొక్కా, పిల్లాడి గౌన్లు ఒకే మిషనులో తిరిగేవి. గుంటల పళ్ళేన్ని ఒకసారి వంటింటి తొట్లో కడగడం నా కళ్ళతోనే చూశాను. చూసీ ఊరుకున్నాను.

2023 మొదట్లో, పిల్లాడికి పదిహేనో నెలలో అక్కడి పిల్లల డాక్టరు మామూలుగా చేసే పరీక్షల్లో సీసం పరీక్ష కూడా చేయించారు. వేలికొస రక్తంలో 14 వచ్చింది. వేలిమీది మట్టి కలిసినా అంకె పెరగవచ్చు గనక నరంలోంచి మళ్ళీ తీశారు. 11 వచ్చింది. అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 11 మైక్రోగ్రాములు. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షలో వంతు. ఇంతేనా అనిపిస్తుంది. కాని అమెరికా ప్రభుత్వపు వ్యాధి నివారణ సంస్థ సి.డి.సి. 2021 లో పిల్లలకు పెట్టిన గీత 3.5. ఆ గీత కూడా అది దాటితే వెంటనే కారణం వెతకమని చెప్పడానికే. పిల్లలకు ఇంత సీసం ఫరవాలేదు అనే మొత్తం ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

రాత్రి పదింటికి ఫోను వచ్చింది. మావాడి గొంతు పెగల్లేదు. ఆ అమ్మాయి తీసుకుని, "మీరు చెప్పారు కదా అని ఊరుకున్నాను బాబాయిగారూ" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

ఇప్పుడు ఆ మడ్డి సంగతి. కరిగిన సీసం గాలి తగిలి పైన పొడిగా మారుతుంది. ఈ పొడి పిండి కంటే మెత్తన. చేతులకు, బట్టలకు, జుట్టుకు, చెప్పు అడుగుకు అంటుకుంటుంది. పెద్దవాడు తిన్న సీసంలో పదోవంతు ఒంటికి పట్టి మిగిలింది బయటికి పోతే, చిన్నపిల్లలకు సగం దాకా పట్టేస్తుంది. ఇనుము, కాల్షియం తక్కువున్న పిల్లలకు ఇంకా ఎక్కువ. పైగా దోగాడే పిల్ల చెయ్యి రోజంతా నోట్లోనే ఉంటుంది కదా. ఎదిగే మెదడు మీద దీని దెబ్బ జ్వరంలా కనిపించదు. పిల్లాడు ఆడుతూనే ఉంటాడు, తింటూనే ఉంటాడు. చదువులో, నిదానంలో తేడా ఏళ్ళ తరవాత తెలుస్తుంది. తెలిసినా ఫలానా సీసం వల్లేనని ఎవరూ తేల్చి చెప్పలేరు. ఒంట్లో చేరిన సీసం రక్తంలో కొన్ని వారాలే ఉంటుంది గాని, ఎముకల్లో దూరి పదుల ఏళ్ళు తిష్ఠ వేస్తుంది. గర్భం వచ్చినప్పుడు ఆ ఎముకల్లోంచి కదిలి కడుపులో బిడ్డకూ చేరుతుంది.

తండ్రికి పరీక్ష చేస్తే 27. ఆర్నెల్లుగా తలనొప్పి, మలబద్ధకం, చిరాకు. ఆఫీసు ఒత్తిడి అనుకున్నాడట.

పిల్లాడికి మందులివ్వలేదు. సీసాన్ని లాగేసే మందులు మామూలుగా 45 దాటితేనే ఇస్తారు, వాటి ఇబ్బందులు వాటికున్నాయి. అసలు చికిత్స సీసం వచ్చే దారి మూసెయ్యడం. కుండ, అచ్చులు, మడ్డి డబ్బా అన్నీ ఇంటినుంచి వెళ్ళాయి. గుంటల పళ్ళేన్ని ఆ అమ్మాయి తన చేత్తో పారేసింది. నేలంతా తడిగుడ్డతో తుడిచారు, ఆ గుడ్డలు పారేశారు. గారేజీ వైపు తివాచీ తీసేశారు. ఇనుము తక్కువుందని పిల్లాడికి దాని చుక్కలిచ్చారు. మూడు నెలలకు 7 అయింది, ఏడాదికి 3. మా ఊరి ప్రెస్సులో అచ్చక్షరాలు పేర్చే కంపోజిటర్లు పాలు తాగితే సీసం కడిగేస్తుందని నమ్మేవారు. ఆ అక్షరాలూ సీసం, ఆంటిమొనీ, తగరం కలిపి పోసినవే. పాలు సీసాన్ని కడగవు. కడుపు ఖాళీగా లేకపోతే, కాల్షియం సరిపడా ఉంటే ఒంటికి పట్టడం కొంత తగ్గుతుంది, అంతే.

తల్లిగారూ, మీవాడు మానేస్తానంటే సంతోషం. మాననంటే మాత్రం ఈ ఆదివారం ఫోనులో కొన్ని సంగతులు అడగండి. ఎక్కడ కరిగిస్తున్నావు? ఇంటికి అంటుకుని ఉన్న గారేజీ పనికిరాదు, పెరట్లో విడిగా షెడ్డు ఉండాలి. దానికి వేరే బట్టలు, వేరే జోళ్ళు ఉన్నాయా? అవి అక్కడే విడవాలి, విడిగా ఉతకాలి. స్నానం చేసి గాని పిల్లనెత్తుకోకూడదు. వట్టి సబ్బుతో సీసం పూర్తిగా వదలదు, దానికోసమే తయారైన తుడుచుకునే కాగితాలు అక్కడ దొరుకుతాయి. చీపురుతో ఊడ్చవద్దు, తడిగుడ్డతో తుడవాలి. మడ్డి మూతడబ్బాలోనే ఉండాలి, ఊరి చెత్తలో వెయ్యకుండా ప్రమాదకరమైన చెత్త తీసుకునే కేంద్రానికి ఇవ్వాలి. పని దగ్గర కాఫీ, సిగరెట్టు, వేరుసెనగపప్పులు ఏవీ వద్దు. కేకుల పళ్ళెం, గరిటె వంటింటి గడప దాటి రాకూడదు.

ఉష్ణమాపకం ఉందా అని కూడా అడగండి. కుండను అవసరానికి మించి కాచేకొద్దీ మడ్డీ పెరుగుతుంది, ఆవిరీ పెరుగుతుంది. ఇప్పుడొచ్చే చక్రాల బిళ్ళల్లో జింకువి కలిసి ఉంటాయి. అవి 419 డిగ్రీలకు గాని కరగవు, తేలగానే ఏరి పారెయ్యాలి, వాటికోసం మంట పెంచకూడదు. కరిగిన సీసంలో చెమ్మ ఉన్న బిళ్ళ పడినా, చెమట చుక్క మునిగినా నీరు ఒక్కసారిగా ఆవిరై సీసం ముఖాన చిమ్ముతుంది. కళ్ళకు, ముఖానికి అద్దం, తోలు చేతితొడుగులు, నిండు చేతుల నూలుచొక్కా ఉండాలి. లాగూతో కూర్చునే పని కాదు. పాత బాటరీ పలకలు మాత్రం ముట్టుకోవద్దనండి, వాటిలో ఆర్సెనిక్, ఆంటిమొనీ ఉంటాయి, ప్రాణాంతకమైన వాయువులు పుట్టవచ్చు. ఇక్కడ వలగుళ్ళకోసం బాటరీ పలకలు పొయ్యిమీద కరిగించే ఇళ్ళు ఉన్నాయి. ఆ మాట వారికి కూడా చెబుతున్నాను. అన్నం వండే పొయ్యిమీద సీసం పెట్టకండి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి.

మీ కోడలు మళ్ళీ గర్భవతి అయ్యే ఉద్దేశంలో ఉంటే ఈ జాగ్రత్తలు కూడా చాలవు, ఆ సరదా కొన్నేళ్ళు అటకెక్కాల్సిందే.

మీవాడు నవ్వుతాడు. మావాడూ నవ్వేవాడు. వాదించకండి. ముందు మనవరాలికి, తరవాత అతనికి రక్తంలో సీసం పరీక్ష చేయించమనండి. కుండ అక్కడే ఉన్నంతకాలం ఆరు నెలలకోసారి మళ్ళీ చేయించాలి. వచ్చిన అంకెలు నాకు రాయండి.