మామయ్యగారి జీపు

మా స్వగ్రామము గణపవరము. ఊరు దాటి పడమటగా నిడమర్రు మీదుగా పోయినచో నేల క్రమముగా పల్లమగును. వరిచేలు వెనుకబడి చేపల చెరువులు ఎదురగును. ఆ పైన కొల్లేరు. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ ఏర్పడిన మంచినీటి సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏళ్లు దానిలో కలియును. ఉప్పుటేరు దాని నీటిని సముద్రమునకు గొనిపోవును. ఆ ప్రాంతపు నల్లరేగడి వేసవిలో రాయివలె బిగిసియుండును. వానకాలమున జిగురువలె పట్టుకొనును. నడచువాని చెప్పులు అందులోనే ఉండిపోవును. ఎడ్లబండి ఇరుసుదాక దిగబడును. అట్టి గట్లమీద మా చిన్నతనమున నమ్మదగిన మోటారు బండి జీపు ఒక్కటే.

జీపు యుద్ధము కొరకు పుట్టిన బండి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులను తయారు చేసినవి. దాని నాలుగు చక్రములకును ఇంజను బలము అందును. కావున రెండు చక్రములు బురదలో జారినను తక్కిన రెండును బండిని లాగుకొనిపోగలవు. మన దేశమున మహీంద్రా వారు 1947లో విల్లీస్ జీపుల పనిని చేపట్టిరి. సైనికుల కొరకు పుట్టిన ఆ బండి కాలక్రమమున కాలువల ఇంజనీర్లకును, పల్లెటూరి రైతులకును చేదోడు అయ్యెను.

1985వ సంవత్సరమున నేను తొమ్మిదవ తరగతి చదువుచుంటిని. మా మేనమామగారికి అప్పుడు ఒక పాత పెట్రోలు జీపు ఉండెడిది. దానిని నడుపు డ్రైవరు మా ఊరివాడే. ఇరువది యేండ్లుగా మామయ్యగారియొద్ద పని చేయుచుండెను. నేను అతనిని బాబాయి అని పిలిచెడివాడను. గేరు మార్చు సమయమున ఇంజను మ్రోత వినుట, బురదలోనికి దిగుటకు ముందు కఱ్ఱతో లోతు చూచుట మొదలగునవన్నియు నాకు అతడే నేర్పెను.

ఆ యేటి సంక్రాంతికి జీపునకు రంగు వేయవలెనని మామయ్యగారు సంకల్పించిరి. నేనును కుంచె పట్టితిని. ఇంజను మూత లోపలి రేకునకు రంగు పూయుట నా వంతు. అచ్చట ఒక చిన్న నల్లని పెట్టె ఉండెను. దానినుండి వచ్చిన తీగ యొకటి ఆ రేకునకే మరతో బిగింపబడి యుండెను. తీగ అడ్డముగా ఉన్నదని నేను మర విప్పి, ఆ చోట దళసరిగా రంగు పూసి, ఆరిన పిమ్మట తీగను యథాస్థానమున బిగించితిని. పని ముచ్చటగా కుదిరినదని మామయ్యగారు నా వీపు తట్టిరి. ఆ సంగతి నేను అంతటితో మరచితిని.

వేసవి యంతయు జీపు చక్కగా నడిచెను. ఆషాఢమున వానలు పడినవి. నాటినుండి జీపు మొరాయింపసాగెను. ఒకనాడు తాళము త్రిప్పగనే ఇంజను పలుకును. మరునాడు మూలుగైనను వినబడదు. బ్యాటరీ పాతబడినదనుకొని మామయ్యగారు క్రొత్తది కొనిరి. పది దినములకే అదియు ఖాళీ అయ్యెను. డైనమో చెడినదని ఒకరు చెప్పగా దానిని విప్పించి, లోపలి తీగ మరల చుట్టించిరి. అందులకును చాల డబ్బు వ్యయమయ్యెను. అయినను జబ్బు కుదురలేదు.

శ్రావణమాసమున ఒక రాత్రి కొల్లేటి లంకనుండి ఒక గర్భిణిని ఏలూరు ఆసుపత్రికి చేర్చవలసి వచ్చెను. బాబాయి జీపు తీసికొని పోయెను. సగము దారిలో, వాన కురియుచుండగా, దీపములు మొదట పచ్చబడి, పిదప ఎఱ్ఱబడి, తుదకు ఆరిపోయినవి. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టుటకు విద్యుత్తు కావలెను. అది లేకపోవుటచే ఇంజనును ఆగిపోయెను. వెంట వచ్చినవారు ఆమెను నులకమంచముపై పెద్ద రోడ్డుదాక మోసిరి. అచ్చట ఒక లారీ వారు దయతలచి ఏలూరు చేర్చిరి. తల్లీబిడ్డలు క్షేమముగా నుండిరి. కాని ఆ రాత్రి తలచుకొన్నప్పుడెల్ల మా ఇంటివారి గుండెలు దడదడలాడెడివి.

మరునాడు మామయ్యగారి కోపమునకు మేరలేదు. “ఏమయ్యా! రాత్రులందు దీపములు ఆర్పక ఇంటికి పోవుచున్నావా? లేనిచో క్రొత్త బ్యాటరీ ఎట్లు ఖాళీ అగును?” అని డ్రైవరును నిలదీసిరి.

“లేదండీ బాబుగారూ! దీపములు ఆర్పి, బండి చుట్టు ఒకసారి తిరిగి చూచుకొని గాని నేను ఇంటికి పోను” అని అతడు మెల్లగా బదులు చెప్పెను.

“బ్యాటరీ క్రొత్తది. డైనమో బాగు చేయించినది. ఇక మిగిలినది నీవే గదా! రేపటినుండి రానక్కరలేదు” అనిరి మామయ్యగారు.

బాబాయి మారు పలుకలేదు. జీపు తాళము అరుగుమీద ఉంచి, తువాలు భుజమున వేసికొని వెడలిపోయెను. నాకు ఏడ్పు వచ్చెను. కాని పెద్దల మాటకు అడ్డు చెప్పు ధైర్యము లేకపోయెను.

మామయ్యగారు మూడవ బ్యాటరీ కొనబోవుచుండగా అత్తయ్యగారు, “ముందు తెలిసినవారిచేత చూపింపరాదా?” అని సలహా చెప్పిరి. అందుచే తాడేపల్లిగూడెమునుండి ఒక వృద్ధ మేస్త్రిగారిని పిలిపించిరి. యుద్ధకాలమున ఆ పట్టణమువద్ద విమానములు దిగుటకు మైదానము నిర్మించిరి. యుద్ధము ముగిసిన పిమ్మట అమ్మివేసిన సైనిక వాహనములపై ఆయన చిన్ననాడే పని నేర్చిరట. ఆయన చేతిసంచిలో ఒక వోల్టుమీటరు, గాజుగొట్టముగల హైడ్రోమీటరు, రెండు మూడు తీగముక్కలు, ఒక చిన్న బల్బు మాత్రమే ఉండెను.

“ఏ భాగము మార్చవలెను?” అని మామయ్యగారు అడిగిరి.

“చూడకుండ ఎట్లు చెప్పుదునండీ? ముందు బండిని అడుగుదము” అని మేస్త్రిగారు నవ్విరి.

నేను ఆసక్తితో దగ్గరకు పోతిని. ఆయన నాకు ఇట్లు విడమరచి చెప్పిరి. “బాబూ! బ్యాటరీ మన ఊరి చెరువు వంటిది. నిలువ చేయుటే దాని పని. డైనమో కాలువ వంటిది. ఇంజను తిరుగునప్పుడు బెల్టు దానిని త్రిప్పును. అది విద్యుత్తును పుట్టించి చెరువును నింపును. ఈ నల్లపెట్టె రెగ్యులేటరు. ఇది లాకులయొద్ద ఉండు లస్కరు వంటిది. ప్రవాహము ఎక్కువైనచో తగ్గించును, తక్కువైనచో పెంచును. ఇంజను ఆగినప్పుడు చెరువులోని నీరు కాలువలోనికి తిరిగి పోకుండ ఇందులోనే మరియొక తలుపు కలదు. దానిని కటౌటు అందురు.”

అంతకు కొలది దినముల ముందే మా ఉపాధ్యాయులు ఫారడే గురించి బోధించియుండిరి. కమ్మరి కుమారుడై, పుస్తకములకు అట్టలు కుట్టు పని నేర్చిన ఆ మహానుభావుడు 1831లో అయస్కాంత క్షేత్రము మారినప్పుడు తీగచుట్టలో విద్యుత్తు పుట్టునని కనుగొనెను. పుస్తకములో చదివిన ఆ సూత్రము మా పెరటిలోని జీపులో తిరుగుచున్నదని నాకు ఆనాడు తెలియవచ్చెను.

మేస్త్రిగారు ముందుగా బెల్టును బొటనవ్రేలితో నొక్కి చూచిరి. అది అర అంగుళము మాత్రమే లొంగెను. “బెల్టు వదులు కాలేదు” అనిరి. పిదప బ్యాటరీ గదులలోని ఆమ్లమును హైడ్రోమీటరుతో పరీక్షించిరి. ఒక్కొక్క గది సుమారు రెండు వోల్టులిచ్చును. ఆరు గదులు కలిసి పండ్రెండు వోల్టుల బ్యాటరీ అగును. ఆరింటిలోను ఆమ్లము ఒకే తీరున పలుచబడియుండెను. “ఒక గది మాత్రమే పలుచబడినచో బ్యాటరీని అనుమానింపవచ్చును. అన్నియు సమానముగా ఉన్నవి. ఇది చెడలేదు, ఆకలితో ఉన్నది” అని చెప్పి, దానిని విప్పి పంపి నింపించి తెప్పించిరి. తరువాత అన్ని మీటలను కట్టివేసి, బ్యాటరీ తీగ నడుమ చిన్న బల్బును కలిపిరి. అది వెలుగలేదు. బండి నిలిచియుండగా విద్యుత్తు ఎక్కడను కారిపోవుటలేదని దాని భావము.

పిమ్మట ఇంజను నడిపించి ఆమ్మీటరు చూపిరి. ఇంజను వేగము పెంచినను ముల్లు ఖర్చువైపే వంగియుండెను. మేస్త్రిగారు మామయ్యగారి వైపు తిరిగి, “అయ్యా! మీ డ్రైవరు దీపములు ఆర్పకపోవుటయే కారణమైనచో, ఇంజను తిరుగునప్పుడు ఈ ముల్లు నింపువైపు పోవలెను. ఇది పోవుటలేదు. పగలు నిండనిది రాత్రి దీపముల వలన ఖాళీ అయినదనుట ఎట్లు?” అనిరి. మామయ్యగారి మొగము వెలవెలబోయెను.

ఇక డైనమో వంతు. దాని ‘డి’, ‘ఎఫ్’ తీగలను విప్పి, ఆ రెండు కొసలను చిన్న తీగముక్కతో కలిపి, వోల్టుమీటరు తగిలించి, ఇంజనును మెల్లగా నడిపించిరి. ముల్లు తడబడక పైకి పోయెను. ఇరువదికి చేరువ కాగానే ఆయన ఇంజనును ఆపించిరి. “కాలువలో నీరు పుష్కలముగా ఉన్నది. చెరువును చేరుటలేదు. ఇక చూడవలసినది లస్కరును” అనిరి.

తీగలను యథాప్రకారము బిగించి, ఒక పొడవైన తీగముక్కను రెగ్యులేటరు ‘ఇ’ అను కొసనుండి నేరుగా బ్యాటరీ ఎర్తు కొసకు తాకించిరి. నల్లపెట్టెలో ‘టక్’మని శబ్దమయ్యెను. ఆమ్మీటరు ముల్లు ఒక్కసారిగా నింపువైపు దుమికెను. తీగను తీసిరి, ముల్లు వెనుకకు పడెను. మరల తాకించిరి, మరల లేచెను.

“పొలమునకు నీరు పెట్టుట ఎంత ముఖ్యమో, ఆ నీరు బయటకు పోవుటకు మురుగుకాలువ ఉండుటయు అంత ముఖ్యము. విద్యుత్తునకును తిరిగిపోవు దారి ఉండవలెను. ఈ బండిలో ఇనుప రేకే ఆ దారి. రెగ్యులేటరుకు ఆ దారి తెగినది. దారి లేనందున లోపలి తలుపు మూతపడుటలేదు, విద్యుత్తు బ్యాటరీని చేరుటలేదు” అని చెప్పి, ఆయన రేకునకు బిగించిన మరను విప్పిరి. తీగ క్రింద దళసరి రంగు. మర చుట్టు తుప్పు. ఇన్నాళ్లు ఆ మర చుట్ల ద్వారా మాత్రమే కొంత స్పర్శ ఉండెను. వానచెమ్మకు అదియు తుప్పుపట్టెను. అందుచేతనే ఒకనాడు పనిచేసి మరియొకనాడు పనిచేయలేదు.

“ఇక్కడ రంగు వేసినదెవరు?” అని మేస్త్రిగారు సహజముగనే అడిగిరి.

నా నాలుక పిడచకట్టుకొనిపోయెను. మామయ్యగారికి ఆ సంగతి జ్ఞాపకము లేదు. నేను మౌనము వహించినచో ఎవరికిని తెలియదు. కాని అరుగుమీద తాళము ఉంచి వెడలిపోయిన బాబాయి నా కన్నుల ఎదుట మెదలెను. బురదగట్టున మంచముపై మూలిగిన ఆ తల్లియు తలపునకు వచ్చెను. “నేనే మామయ్యా! తీగ విప్పి, దాని క్రింద రంగు వేసినది నేనే” అంటిని.

మామయ్యగారు చాలసేపు ఏమియు పలుకలేదు. నన్ను కోపగించుకొందురేమోనని భయపడితిని. తుదకు వారు, “నీవు తెలియక చేసితివి. నేను తెలిసికొనకుండ ఒకని వెడలగొట్టితిని. నా తప్పే పెద్దది. చెప్పులు తొడుగుకొనుము, పోదము” అనిరి.

మేస్త్రిగారు ఆ చోటును ఉప్పుకాగితముతో రుద్ది, తెల్లని ఇనుము కనబడిన పిదప తీగను బిగించి, పైన కొంచెము వాసెలిన్ పూసిరి. వోల్టుమీటరు సుమారు పదునాలుగు చూపెను. ఆ మరమ్మతునకు అయిన సామగ్రి ఒక్క కాగితపు ముక్క మాత్రమే.

మేము బాబాయి ఇంటికి పోవునప్పటికి అతడు వాకిట వల బాగు చేసికొనుచుండెను. మామయ్యగారు నిలువబడియే, “నేను తొందరపడి నీపై నింద వేసితిని. మనసులో పెట్టుకొనక రావయ్యా” అనిరి. అంతటి పెద్దమనిషి ఆ మాట అనుటకు ఎంత కష్టపడిరో వారి కంఠమే చెప్పెను. నేనును జరిగినది చెప్పి క్షమింపుమంటిని. బాబాయి నా తలపై చేయి వేసి, “బండికి ఏమైనదో తెలిసినది గదా చిన్నబాబూ, అది చాలును” అనెను. తాళము చేతికి అందుకొన్నప్పుడు అతని చేయి వణకెను.

ఇది జరిగి నలుబది యేండ్లాయెను. నేటి బండ్లలో డైనమోకు బదులు ఆల్టర్నేటరు ఉన్నది. అది పుట్టించు ఏకాంతర విద్యుత్తును డయోడులు బ్యాటరీకి తగినట్లు ఏకముఖముగా మార్చును. అయినను బెల్టు, బ్యాటరీ, తీగ, ఎర్తు అను వరుస మారలేదు. ఒక్కొక్కటి పరీక్షించుచు, బాగున్నదానిని ప్రక్కకు పెట్టుచు పోయినచో దోషము తనంత తానే ఒంటరియై నిలుచును. అట్లు గాక ఊహను నమ్మి భాగములు మార్చినచో డబ్బు నష్టము. ఊహను నమ్మి మనిషిని నిందించినచో ఆ నష్టమును ఏ డబ్బును పూడ్చలేదు.

నేటికిని ఇంటిలో ఏ యంత్రమైనను చెడినప్పుడు నేను మొదట వేసికొను ప్రశ్న ఒక్కటే: దీనిపై చివరగా పని చేసిన చేయి ఎవరిది? అనేక పర్యాయములు ఆ చేయి నాదే అయి ఉండును.